కౌబాయ్ కథ ఆగే చోట మొదలైన సినిమా

కౌబాయ్ సినిమాల్లో దొంగ దొరికాక కథ ఎక్కువసేపు నడవదు. ఉరితాడో, తుపాకి గుండో, జైలుకి పోయే రైలో ఏదో ఒకటి వచ్చి తెర దించేస్తుంది. 1957లో గ్లెన్ ఫోర్డ్, వాన్ హెఫ్లిన్ నటించిన ‘3:10 టు యూమా’ కథంతా ఒక బందిపోటుని అరిజోనా ఎడారిలోని యూమా జైలుకి వెళ్ళే రైలు ఎక్కించడం గురించే. 2007లో రస్సెల్ క్రో, క్రిస్టియన్ బేల్‌లతో దాన్నే మళ్ళీ తీశారు. రెండింటిలోనూ యూమా అన్న పేరు పదే పదే వినబడుతుంది. యూమా జైలు మాత్రం కనబడదు. రైలెక్కిన మనిషి ఏ గదిలో పడుకున్నాడు, ఏం తిన్నాడు, అతని గదికి తాళం వేసినవాడు ఎవడు అన్నవి ఆ కథలకి అక్కర్లేదు.

2001లో అమెరికాలో షోటైమ్ ఛానల్ కోసం తీసిన ‘వార్డెన్ ఆఫ్ రెడ్ రాక్’ సరిగ్గా అక్కడ మొదలవుతుంది. జైలు అధికారి జాన్ ఫ్లిండర్స్‌గా జేమ్స్ కాన్, అతని జైలుకి శిక్ష పడి వచ్చిన మైక్ సల్లివన్‌గా డేవిడ్ కారడిన్ నటించారు. ఇద్దరూ ఒకప్పుడు కలిసి దోపిడీలు చేసినవాళ్ళు. ఒకడు బాగుపడి ప్రభుత్వ ఉద్యోగంలో కుదురుకున్నాడు, రెండోవాడు పాత దారిలోనే ఉండిపోయాడు. ఇప్పుడు వాళ్ళ మధ్య ఇనప ఊచలున్నాయి. తాళంచెవుల గుత్తి ఒకరి నడుముకే ఉంది. దర్శకుడు స్టీఫెన్ జిలెన్‌హాల్. నటులు జేక్, మ్యాగీల తండ్రిగా మన దగ్గర కొందరికి ఆ ఇంటిపేరు తెలుసు. సినిమా నిడివి దాదాపు గంటన్నర.

ఇలాంటి సినిమా చూసినవాళ్ళు చప్పున రెండు జట్లుగా విడిపోతారు. ల్యాగ్, గుర్రాలు పరిగెత్తేది తక్కువ, తుపాకులు పేలేది తక్కువ, ముసలాళ్ళిద్దరూ మాట్లాడుకుంటూ కూర్చున్నారు, దీన్ని కౌబాయ్ సినిమా అని ఎలా అంటారు అని ఒక జట్టు. ఆ మాటలే ప్రాణం, ఇద్దరు మంచి నటులు ఎదురెదురుగా ఉంటే ఇంకేం కావాలి అని రెండో జట్టు. బయటికి ఇది అభిరుచి తేడాలా కనిపిస్తుంది. లోపల అసలు తగాదా వేరే ఉంది. జైలు అధికారి కథానాయకుడు కాగలడా లేదా అన్నదే ఆ తగాదా.

తెలుగు ప్రేక్షకుడి దగ్గర ఈ ప్రశ్నకి ఇంకో చిక్కు ముడి ఉంది. వార్డెన్ అనగానే మనకి ముందు గుర్తొచ్చేది హాస్టల్ వార్డెన్. రాత్రి తొమ్మిదింటికి లైట్లు ఆర్పించేవాడు, మెస్ లెక్క చూసేవాడు, సెలవు చీటీ మీద సంతకం పెట్టేవాడు. జైల్లో మనకి ఉన్నది వార్డరు, అంటే ఊచల ముందు పహారా కాసే చిన్న ఉద్యోగి. ఆ పైన హెడ్ వార్డరు, డిప్యూటీ జైలరు, జైలరు. అందరి మీదా సూపరింటెండెంట్. అమెరికాలో వార్డెన్ అంటే ఆ సూపరింటెండెంట్ అన్నమాట. విచిత్రమేమిటంటే కౌబాయ్ కాలంలో అరిజోనా జైలు పెద్దని అక్కడా సూపరింటెండెంట్ అనే పిలిచేవారు. ఈ తేడా తెలియకుండా సినిమా మొదలెడితే, ఆ మనిషి చేతిలో ఉన్న అధికారం ఎంతో, నెత్తిన ఉన్న బరువు ఎంతో ఒక పట్టాన అంతుబట్టవు.

ఇంకో అడ్డంకి మనం ముందే చూసేసిన సినిమాలు. ‘ది షాషాంక్ రిడెంప్షన్’ చూడని ఇంగ్లీషు సినిమా అభిమాని తెలుగునాట తక్కువ. అందులో వార్డెన్ నార్టన్ చేతిలో బైబిల్, మనసులో లంచం. అలాంటి సినిమాల వల్ల జైలు అధికారి అంటే దుర్మార్గుడు, ఖైదీ అంటే మన మనిషి అన్న లెక్క స్థిరపడిపోయింది. ప్రేక్షకుడి గుండె ఎప్పుడూ సొరంగం తవ్వేవాడి వైపే కొట్టుకుంటుంది. 1980లో రాబర్ట్ రెడ్‌ఫోర్డ్ నటించిన ‘బ్రూబేకర్’లో వార్డెన్ మంచివాడు. అయితే అతను తానెవరో చెప్పకుండా ముందు ఖైదీగా లోపలికొస్తాడు. జైలు పెద్ద మీద జనానికి నమ్మకం కుదరాలంటే అతనికి ముందు ఖైదీ బట్టలు తొడగాల్సి వచ్చింది. ఫ్లిండర్స్‌ని పాత దొంగగా చూపించడం వెనక ఉన్నదీ అదే అవసరం. నేరం చేసినవాడి బాధ తెలిసినవాడి చేతిలో తాళంచెవులుంటే చూసేవాడు అతన్ని భరిస్తాడు.

సాగదీత అన్న ఫిర్యాదుని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. కౌబాయ్ సినిమాకి ఊపిరి ఆరుబయలు. మన వాళ్ళకి ఆ రుచి తగిలించిన 1971 నాటి ‘మోసగాళ్ళకు మోసగాడు’ని తీసుకున్నా, కృష్ణ గుర్రం మీద రాజస్థాన్ ఇసుకలో పోతుంటే వచ్చిన ఉత్సాహంలో సగం ఆ బయలుదే. కంటికి ఆనినంత మేర గోడ లేదు, అడ్డు లేదు, చట్టం ఎక్కడో దూరంగా ఉంది. జైలు కథ దీనికి పూర్తిగా తలకిందులు. నాలుగు గోడలు, ఒక గేటు, గంట కొడితే అన్నం, గంట కొడితే లెక్క. గుర్రం ఉన్నా అది గేటు బయటే. కౌబాయ్ టోపీ చూసి కూర్చున్న ప్రేక్షకుడికి జైలు గోడ చూపిస్తే మోసపోయినట్టు అనిపించడం సహజం. బిర్యానీ అని చెప్పి పెరుగన్నం పెడితే పెరుగన్నం ఎంత బాగున్నా మొదటి ముద్ద రుచించదు.

అయితే ఆ నెమ్మది వెనక ఒక కారణం ఉంది. దాన్ని పట్టుకోవాలంటే ఇదే ఇరకాటాన్ని ఇంకో టీవీ కథ ఎలా తేల్చిందో చూడాలి. 1989 ఫిబ్రవరిలో సీబీఎస్ ఛానల్‌లో నాలుగు రాత్రులు వచ్చిన ‘లోన్సమ్ డవ్’ అమెరికా టీవీలో చచ్చిపోయిందనుకున్న కౌబాయ్ కథకి మళ్ళీ ప్రాణం పోసింది. అందులో గస్, కాల్ అనే ఇద్దరు మాజీ రేంజర్లు, అంటే ఒకప్పటి టెక్సస్ పోలీసులు, గుర్రాల దొంగల ముఠాని పట్టుకుంటారు. తీరా చూస్తే ముఠాలో వాళ్ళ పాత సహచరుడు జేక్ స్పూన్ ఉంటాడు. దొంగలతో పాటు అతన్నీ ఉరి తీయాలి. తీస్తారు. చూసినవాళ్ళు జీవితంలో మర్చిపోని ఘట్టం అది. స్నేహం గొప్పదా న్యాయం గొప్పదా అన్న ప్రశ్న ఒక చెట్టు కింద కొద్ది నిమిషాల్లో తేలిపోతుంది. ఆ తర్వాత మిగిలేది దుఃఖమే గానీ సందేహం కాదు.

ఫ్లిండర్స్‌కి ఆ వెసులుబాటు లేదు. స్నేహితుణ్ణి ఉరి తీయడం ఒక పూట పని. స్నేహితుణ్ణి ఖైదులో ఉంచడం ప్రతి రోజూ చేయాల్సిన పని. పొద్దున్నే తలలు లెక్కపెడుతున్నప్పుడు ఆ తలా లెక్కలోకి రావాలి. అందరికీ పెట్టిన తిండే అతనికీ పెట్టాలి. కాస్త ఎక్కువ పెడితే కాపలావాళ్ళు గమనిస్తారు, కాస్త తక్కువ పెడితే మనసు ఒప్పుకోదు. నిర్ణయం ఒక్కసారి తీసుకుంటే సరిపోదు, తాళం వేసిన ప్రతిసారీ మళ్ళీ తీసుకోవాలి. ఇలాంటి కథని పరుగులు పెట్టిస్తే కథే ఉండదు. ల్యాగ్ అని మొదటి జట్టు అంటున్నదీ, లోతు అని రెండో జట్టు అంటున్నదీ ఒకే వస్తువు. ఖైదులో కాలం కదలదు, కాపలావాడికి కూడా కదలదు.

ముసలాళ్ళన్న ఫిర్యాదు మాత్రం అన్యాయం. 2001 నాటికి కాన్‌కి అరవై దాటింది, కారడిన్ అంతకన్నా పెద్ద. కానీ ఈ కథ కుర్రాళ్ళతో నడవదు. కలిసి దోచుకున్న రోజులు ఎంత దూరంగా జరిగిపోయుంటే ఇప్పటి దూరం అంత గుచ్చుకుంటుంది. పైగా ఆ ఇద్దరి ముఖాలూ చూసేవాళ్ళకి కొత్త కాదు. 1966లో ‘ఎల్ డొరాడో’లో జాన్ వేన్ పక్కన మిసిసిపి అన్న కుర్రాడిగా, తుపాకి సరిగ్గా కాల్చడం రానివాడిగా కనిపించాడు కాన్. ‘గాడ్‌ఫాదర్’లో సన్నీ ఆ తర్వాతి మాట. కారడిన్ 1972 నుంచి 1975 దాకా ‘కుంగ్ ఫు’ సీరియల్‌లో అమెరికా పడమటి ఊళ్ళ గుండా నడిచిన షావోలిన్ సన్యాసి. 1980లో తమ్ముళ్ళు కీత్, రాబర్ట్‌లతో కలిసి ‘ది లాంగ్ రైడర్స్’లో పేరుమోసిన బందిపోట్లు యంగర్ సోదరుల పాత్రలు వేశాడు. అన్నదమ్ముల పాత్రల్లో నిజం అన్నదమ్ములే. అతను వేసింది పెద్దవాడు కోల్ యంగర్.

ఆ కోల్ యంగర్ నిజ జీవితం చూస్తే సల్లివన్ పాత్ర గాల్లోంచి ఊడిపడలేదని అర్థమవుతుంది. 1876 సెప్టెంబరులో మిన్నెసోటాలోని నార్త్‌ఫీల్డ్ బ్యాంకు దోపిడీ బెడిసికొట్టాక ముగ్గురు యంగర్లూ దొరికిపోయారు. యావజ్జీవ శిక్ష పడింది. స్టిల్‌వాటర్ జైల్లో పెట్టారు. అక్కడ 1887లో ఖైదీలు సొంతంగా ఒక పత్రిక మొదలెడితే పెట్టుబడికి యంగర్లూ డబ్బు వేశారు. కోల్ జైలు గ్రంథాలయం చూసుకున్నాడు. బాబ్ 1889లో క్షయతో లోపలే పోయాడు. కోల్, జిమ్ 1901లో పెరోల్ మీద బయటికొచ్చారు. పాతికేళ్ళు. సినిమాలు చూపించే దోపిడీలు కొన్ని గంటలవి, చూపించని ఖైదు పాతికేళ్ళది. ముసలితనం గురించి సణిగే ప్రేక్షకుడు ఈ లెక్క ఒకసారి వేసుకుంటే బాగుంటుంది.

టీవీ సినిమా అన్న మాటలో ఉన్న చిన్నచూపు గురించి కూడా చెప్పుకోవాలి. బాగుంది కానీ టీవీ సినిమాలా ఉంది అనేది ప్రేక్షకులు విరివిగా వాడే మాట. అంటే జనం తక్కువ, సెట్టు ఒకటే, కెమెరా ముఖాల మీద నుంచి కదలదు అని. ఈ రకం సినిమాలు తక్కువ రోజుల్లో, తక్కువ డబ్బుతో తయారయ్యేవి. స్పీల్‌బర్గ్ 1971లో టీవీ కోసం తీసిన ‘డ్యుయెల్’ దాదాపు రెండు వారాల్లో ముగిసిన షూటింగు. ప్రకటనలున్న ఛానల్‌కి రాస్తే మరో ఇబ్బంది. ప్రతి విరామానికి ముందు ఒక కుదుపు ఉండాలి, లేకపోతే చూసేవాడు ఛానల్ మార్చేస్తాడు. మన సినిమాల్లో ఇంటర్వెల్ బ్యాంగ్ ఒక్కటే ఉంటుంది, అక్కడ రెండు గంటల టీవీ సినిమాకి అలాంటివి ఆరేడు కావాలి. షోటైమ్ చందా కట్టినవాళ్ళకే వచ్చే ఛానల్. మధ్యలో ప్రకటనలు ఉండవు. అందుకే ఈ కథకి కుదుపుల తొందర లేదు. ఛానలే ఇచ్చిన ఆ తీరికని కొందరు లోపం కింద రాసుకున్నారు.

అదే 2001 జనవరిలో టీఎన్‌టీ ఛానల్ టామ్ సెలెక్‌తో ‘క్రాస్‌ఫైర్ ట్రైల్’ ప్రసారం చేసింది. స్నేహితుడి చావు పడకన ఇచ్చిన మాట, అతని భార్యకి రక్షణ, ఆస్తి కోసం కన్నేసిన దుర్మార్గుడు, చివర్లో ఊరి నడివీధిలో కాల్పులు. కోటి మందికి పైగా చూశారు. కౌబాయ్ కథకి టీవీలో జనం లేరన్న మాట ఉత్తదేనని తేలింది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి జనం దీన్ని మెచ్చారు, దాన్ని మెచ్చలేదు అనేవాళ్ళు ఒక సంగతి వదిలేస్తున్నారు. టీఎన్‌టీ మామూలు కేబుల్‌తో పాటే ఇంటింటికీ వచ్చేది, షోటైమ్‌కి వేరే డబ్బు కట్టాలి. ఇద్దరి ముందూ ఉన్న జనమే వేరు. ఇచ్చిన మాట నిలబెట్టుకునేవాడు ‘క్రాస్‌ఫైర్ ట్రైల్’ నాయకుడు. ఫ్లిండర్స్ ఇద్దరికి మాట ఇచ్చాడు. ఒకటి పాత స్నేహితుడికి, ఒకటి ఉద్యోగానికి. ఏది నిలబెట్టినా రెండోది తప్పుతుంది. మొదటి కథ చూసి నిద్రపోవచ్చు. రెండోది చూసి నిద్రపోవడం కష్టం.

‘వార్డెన్ ఆఫ్ రెడ్ రాక్’ స్క్రిప్టు పాతకాలపు వాసన వేస్తోందన్న మాటకి ఆధారం ఉంది. రాసిన జేమ్స్ లీ బారెట్ 1989లోనే చనిపోయాడు. సినిమా వచ్చింది పన్నెండేళ్ళ తర్వాత. జేమ్స్ స్టూవర్ట్ నటించిన 1965 నాటి ‘షెనండోవా’ రాసింది ఈయనే. ఆ తరం రచయితలకి మగవాళ్ళ మాట, మర్యాద, మొహమాటం కథకి ఇరుసు. తొంభైల తర్వాత వచ్చిన కటువైన కౌబాయ్ సినిమాలకి అలవాటుపడ్డ కంటికి ఇది మెత్తగా కనబడుతుంది. ఇది తప్పు అనడానికి లేదు, ఆ గొంతు ఏ కాలానిదో తెలుసుకుని వినాలి.

దొంగని తీసుకెళ్ళి జైలుకి పెద్దని చేస్తారా, ఎవడు నమ్ముతాడు అన్నది ఇంకో అభ్యంతరం. చరిత్ర ఈ అభ్యంతరాన్ని ఒప్పుకోదు. బర్ట్ ఆల్వర్డ్ అరిజోనాలోని విల్‌కాక్స్ ఊరికి కానిస్టేబుల్. 1899లో కొచీస్ స్టేషన్ దగ్గర జరిగిన రైలు దోపిడీ వెనక ఉన్నది అతనే. చివరికి యూమా జైలు చేరాడు. హెన్రీ బ్రౌన్ కాన్సస్ రాష్ట్రంలోని కాల్డ్‌వెల్ ఊరికి మార్షల్‌గా ఉంటూనే 1884లో మెడిసిన్ లాడ్జ్ బ్యాంకు మీద పడ్డాడు. ఫ్రాంక్ కాంటన్ దీనికి ఎదురు దారిలో వెళ్ళాడు. టెక్సస్‌లో జైలు నుంచి తప్పించుకుని, పేరు మార్చుకుని, షెరీఫ్ అయ్యి, చివరికి ఓక్లహామా సైనిక దళానికి పెద్దగా పనిచేశాడు. తుపాకి పట్టడం తెలిసినవాళ్ళు తక్కువగా ఉన్న ప్రాంతంలో బిళ్ళ పెట్టుకున్నవాడికీ ముసుగు కట్టుకున్నవాడికీ మధ్య గీత సన్నం. జైలు పెద్ద పదవి అప్పట్లో గవర్నరు చేతి నియామకం. పార్టీ మారితే మనిషీ మారేవాడు. గతం శుభ్రంగా ఉండాలన్న నియమం కన్నా పై మాట బలం ఎక్కువగా పనిచేసేది.

ఇక జైలు విషయం. అంత మెతకగా ఉంటుందా అని కొందరు, అంత క్రూరంగా ఉండేదా అని కొందరు తగువు పడుతుంటారు. ఆ కాలపు ఎడారి జైలు ఎలా ఉండేదో తెలుసుకోవడానికి యూమాని మించిన కొలబద్ద లేదు. కొలరాడో నది, గిలా నది కలిసే చోట గుట్ట మీద ఉంది ఆ జైలు. 1876 జులై 1న మొదటి ఏడుగురు ఖైదీలు లోపలికి వెళ్ళారు. ఆ గదులు కట్టిన కూలీలు కూడా వాళ్ళే. గదికి ఆరుగురు, మూడేసి అంతస్తుల మంచాలు రెండు వైపులా, మధ్యలో ఒక బకెట్టు. వేసవిలో అక్కడి ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. తప్పు చేసినవాణ్ణి గుట్టలో తొలిచిన చీకటి గదిలోకి తోసేవారు. నిలువునా పదడుగులు, అడ్డంగా పదడుగులు, నడుమ ఇనప బోను, పైన కప్పులో గాలికి ఒక చిన్న కన్నం.

అదే జైల్లో గ్రంథాలయం ఉండేది. సూపరింటెండెంట్ ఫ్రాంక్ ఇంగల్స్ భార్య మడోరా పూనికతో ఏర్పడిందది. జైలు చూడ్డానికి వచ్చే జనం దగ్గర పావు డాలరు తీసుకుని ఆ డబ్బుతో పుస్తకాలు కొన్నారు. ఊళ్ళో చాలా ఇళ్ళకన్నా ముందే జైలుకి కరెంటు వచ్చింది. ఖైదీలకి మరీ సుఖం ఎక్కువైందని ఊరివాళ్ళు గొణుక్కునేవారు. 33 ఏళ్ళలో 3,069 మంది అక్కడ శిక్ష అనుభవించారు. అందులో 29 మంది ఆడవాళ్ళు. అక్కడ ఒక్క ఉరీ అమలు కాలేదు. లోపల చనిపోయినవాళ్ళు 111 మంది, ఎక్కువమందిని తీసుకెళ్ళింది క్షయ. చీకటి గదీ నిజమే, పుస్తకాల గదీ నిజమే. రెండిట్లో ఒకటి చూసి రెండోది అబద్ధమనే ప్రేక్షకుడు సగమే చూస్తున్నాడు. జైలు పెద్ద ఆ రెండు గదుల తాళంచెవులూ ఒకే గుత్తిలో పెట్టుకు తిరిగే మనిషి.

యూమా చరిత్రలో ఒక పొద్దు గురించి కొంచెం ఆగి చెప్పుకోవాలి. 1887 అక్టోబరు 27. సూపరింటెండెంట్ థామస్ గేట్స్ ఆవరణలో ఉండగా కొందరు ఖైదీలు కత్తులతో చుట్టుముట్టారు. వాళ్ళ ఆలోచన తేలికైనది. జైలు పెద్దని ముందు పెట్టుకుని గేటు దాటితే బురుజు మీది కాపలావాడు కాల్చడు. కానీ బురుజు మీద ఉన్న హార్ట్లీ గురి తప్పనివాడు, కాల్చాడు. కింద పెనుగులాటలో గేట్స్‌కి కత్తిపోట్లు పడుతున్నాయి. అప్పుడు బార్నీ రిగ్స్ అనే మరో ఖైదీ తుపాకి అందుకుని గేట్స్‌ని పొడుస్తున్నవాణ్ణి కాల్చేశాడు. రిగ్స్ హత్య కేసులో యావజ్జీవం పడ్డవాడు. నలుగురు ఖైదీలు చనిపోయారు, గేట్స్ బతికాడు. చేసిన మేలుకి రిగ్స్‌కి క్షమాభిక్ష దొరికింది, అరిజోనా విడిచి వెళ్ళిపోవాలన్న షరతు మీద. పదిహేనేళ్ళ తర్వాత 1902లో టెక్సస్‌లోని ఫోర్ట్ స్టాక్టన్‌లో తుపాకి దెబ్బకే చనిపోయాడు.

రిగ్స్ ఎందుకు ఆ పని చేశాడన్నది ఇప్పటికీ తెగని మాట. విడుదల ఆశా, మనిషిని పొడుస్తుంటే చూడలేకపోవడమా, గేట్స్ మీద అభిమానమా? ఒక్క క్షణంలో ఈ మూడూ కలిసే ఉండొచ్చు. జైలు పెద్ద ప్రాణం ఒక హంతకుడి చేతిలో నిలిచింది, హంతకుడి విడుదల జైలు పెద్ద ప్రాణం మీద ఆధారపడింది. ఎవరు ఎవరి చేతిలో ఉన్నట్టు? ఫ్లిండర్స్, సల్లివన్ల కథ చూసి ఇలా ఎక్కడైనా జరుగుతుందా అనేవాళ్ళకి ఇంతకన్నా జవాబు అక్కర్లేదు. జరిగింది. సినిమా తీయగలిగినదానికన్నా గట్టిగా జరిగింది.

ఆ రోజు గేట్స్‌ని చుట్టుముట్టినవాళ్ళు మెక్సికన్ ఖైదీలు. వాళ్ళ వైపు కథ ఎవరూ సరిగ్గా చెప్పలేదు. ప్రేక్షకుల ఫిర్యాదుల్లో అన్నిటికన్నా న్యాయమైనది ఇక్కడే ఉంది. వార్డెన్‌నీ అతని స్నేహితుణ్ణీ పట్టుకుని గంటన్నర నడిపితే మిగతా వందల మందికి చోటు మిగలదు. వాళ్ళు వెనక నిలబడ్డ గుంపు అయిపోతారు. ఎందుకు లోపలికొచ్చారో, భాష రాని కోర్టులో ఏం విన్నారో తెలియదు. సరిహద్దు ఎడారి జైలు కథ చెబుతూ ఆ మనుషుల్ని పక్కన పెడితే కథకి ఒక కన్ను పోయినట్టే. స్నేహం మీది ప్రేమతో ఈ లోపాన్ని కప్పిపుచ్చేవాళ్ళు సినిమాకి మేలు చేయడం లేదు.

1970లో జోసెఫ్ మాంకివిచ్ తీసిన ‘దేర్ వాజ్ ఎ క్రూకెడ్ మ్యాన్’ ఇదే రకం నేల మీద వేరే ఇల్లు కట్టింది. అరిజోనా ఎడారి జైలు, 1883. వార్డెన్‌గా హెన్రీ ఫోండా, ఖైదీగా కిర్క్ డగ్లస్. జైలుని బాగుచేద్దామని వచ్చిన నిజాయితీపరుడు చివరికి ఖైదీ దాచిన దోపిడీ సొమ్ము పట్టుకుని మెక్సికో దారి పడతాడు. కాలిఫోర్నియాలోని జాషువా ట్రీ ప్రాంతంలో పెద్ద జైలు సెట్టు వేశారు. నటులు గొప్పవాళ్ళు, డబ్బు బాగా పెట్టారు. కానీ ఆ సినిమాకి ఏ మనిషి మీదా నమ్మకం లేదు. అందరూ దొంగలే, కొందరికి అవకాశం ఆలస్యంగా వచ్చింది అంటుంది. ‘వార్డెన్ ఆఫ్ రెడ్ రాక్’ అంత తెలివిగా మాట్లాడదు, అంత అందంగానూ ఉండదు. కానీ దొంగ మంచివాడైతే ఆ మంచితనం ఎంత ఖరీదుదో అడుగుతుంది. ఫోండా పాత్ర మంచితనాన్ని వదిలేసి తేలికపడ్డాడు. కాన్ పాత్ర దాన్ని పట్టుకుని మోస్తాడు. ఈ రెండింటిలో చిన్న సినిమా వైపే మొగ్గాలనిపిస్తుంది. ముగింపు ఎలా ఉంటుందో చూడనివాళ్ళ కోసం ఇక్కడ చెప్పడం లేదు. క్లైమాక్స్ తేలిపోయిందని చెప్పుకునేవాళ్ళు సల్లివన్‌కి ఏమైందని చూస్తున్నారు. ఫ్లిండర్స్‌కి ఏం మిగిలిందని చూస్తే అదే ముగింపు ఇంకోలా కనబడుతుంది.

1909 సెప్టెంబరు 15న యూమా ఖాళీ అయింది. మిగిలిన ఖైదీలని ఫ్లారెన్స్ ఊళ్ళోని కొత్త జైలుకి తీసుకెళ్ళారు. దాన్ని కట్టిందీ ఖైదీలే. మరుసటి ఏడాది నుంచి 1914 దాకా ఆ పాత జైలు భవనాల్లో యూమా హైస్కూలు నడిచింది. పిల్లలు అక్కడ పాఠాలు చదువుకున్నారు. ఆ స్కూలు ఆటల జట్టుని ఈ రోజుకీ ‘క్రిమినల్స్’ అనే పిలుస్తారు.